రెండు పాయింటు నాలుగు

ఉదయం ఎనిమిదిన్నర.
రాయదుర్గం మండలాఫీసు వెనక
ముళ్ళకంచెలో వర్షమాపకం.
గరాటు ఎత్తి, సీసా తీసి,
వెలుతురుకు పట్టి చూస్తాను.
రిజిస్టరులో సున్నా వేస్తాను.
ఖాళీ వదలకూడదు,
ఖాళీ అంటే ఎవరూ చూడలేదని.
సున్నా అంటే
చూశాం, లేదు, అని.

ఇది పదిహేడో సున్నా.
మృగశిరలో వేసినవి గుండ్రంగా ఉన్నాయి.
ఆరుద్రలో వేసినవాటికి
అంచు వణికింది.

కంచె అవతల వన్నూరప్ప.
విత్తనం ఇంకా సంచుల్లోనే,
గొర్రు గోడకానించే ఉంది.
"ఏమ్మా గంగరత్నా, యాడికి పాయ మోడం?
నిన్న పొద్దు గూకేతప్పుడు
కొండ మీదనే ఉన్నింది కదా!"

చదివిన చదువు ఊరుకోదు.
భూమి నిటారుగా నడవదు వన్నూరప్పా,
చంకన బిందె ఎత్తుకున్న ఆడమనిషి లెక్క
ఇరవై మూడున్నర డిగ్రీలు పక్కకు ఒరిగి
ఏడాది పొడుగునా అదే ఒరుగుతో
సూర్యుడి చుట్టూ తిరిగొస్తుంది.
ఆర్నెల్లు మన పక్క ఎండ ఎక్కువ,
ఆర్నెల్లు అవతలి పక్క.
ఆ ఒరుగే లేకుంటే
కార్తెల్లేవు, ముంగారు లేదు, ఇంగారు లేదు,
పంచాంగమంతా ఒకటే పుట.

ఏప్రిల్ ఆఖర్న ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి
మిట్టమధ్యాహ్నం ఈ ఇనుప స్తంభానికి నీడ ఉండదు.
సరిగ్గా నెత్తిన నిలబడతాడు సూర్యుడు.
మొదటిసారికే నేల పెనమవుతుంది,
సముద్రం బద్ధకస్తురాలు, అంత తొందరగా కాగదు.
కాగిన గాలి పైకి లేస్తే
ఆ ఖాళీలోకి
తడిమూటలు నెత్తిన పెట్టుకుని
సముద్రపు గాలి బయల్దేరుతుంది.

"అట్లయితే మన ఇంటిదాకా రావల్ల కదా?"

వస్తుంది.
పెళ్ళిలో బంతులు చూళ్ళేదా నువ్వు?
మొదటి బంతి మంగళూరు, ఆకు నిండా వడ్డన.
రెండో బంతి ఆగుంబె,
చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టినా వినరు.
పడమటి కొండలెక్కేసరికే
బకెట్లు తేలికైపోతాయి.
దిగేటప్పుడు గాలి మళ్ళీ వేడెక్కి
మిగిలిన చెమ్మ తానే తాగుతుంది.
ఆఖరి బంతి మనది.
ఆకులేశారు. ఉప్పేశారు.
ఎక్కడో గరిటె గీకుతున్న చప్పుడు.

వన్నూరప్ప నవ్వలేదు.
గుట్ట మీద తిరుగుతున్న మరల వైపు చూసి
"గాలికైతే కరువు లేదమ్మా" అన్నాడు.

ఇంకోటుంది. చెప్పాలా వద్దా అని
పెన్ను మూత పెట్టాను, తీశాను.
ఈ యేడు పెరూ దేశం పక్క సముద్రం వేడెక్కిందంట.
ఎల్ నినో అంటారు.
వాళ్ళ భాషలో పసివాడని అర్థం.
"పసివాడైతే ఇంత పని జేస్తాడా?
యాడుంది ఆ సముద్రం?"

నీ కాళ్ళ కింద.
మీ చేన్లో బోరు ఆపకుండా దించితే
భూమి అవతల తేలేది ఆ సముద్రంలోనే.
నీ సంచిలో బుడ్డల పుట్టిల్లు కూడా
ఆ ఒడ్డు దేశాలేనంట.
పుట్టింటి సముద్రానికి జ్వరమొస్తే
ఇక్కడ ఊడ దిగదు.

అతను చాలాసేపు మట్టిని చూశాడు.
"మూడు బోర్లు ఏసినా. ఆరునూర్ల అడుగులు.
బూడిదే లేచె.
ఇంకొంచెం దించుంటే
సముద్రమే తగిలేదన్నమాట."

ఆ వారం దాటాక ఒక రాత్రి
రేకుల మీద చప్పుడు.
లేచి కూర్చునేలోగా ఆగిపోయింది.

ఎనిమిదిన్నర.
సీసా అడుగున మెరుపు.
కొలత గ్లాసులో పోసి, కన్ను ఆనించి చూశాను.
రెండు పాయింటు నాలుగు మిల్లీమీటర్లు.
రెండున్నర ఉంటేనే వాన రోజు.
నియమం అది,
పాయింటు ఒకటికి
దాన్ని వానని రాయను.

పారబోయబోతే
కంచె సందులోంచి ఒక చెయ్యి వచ్చింది.
కాయలు కాసిన అరచెయ్యి, గిన్నెలా వంచి.
పోశాను.
ఒక్క చుక్క జారనివ్వలేదు వన్నూరప్ప.
ముక్కు దగ్గర పెట్టుకుని
కళ్ళు మూసుకున్నాడు.

"పాపం," అన్నాడు,
"ఎంత దూరం నడిచొచ్చిందో."